దండెం తీగకి కరెంటు వచ్చి మా పక్కింటి పిన్నిగారు పోయారు. ఇంట్లో ఎంసీబీ ఎందుకు పడలేదు?

గోదారి_గట్టు · ఆదివారం రాత్రి 10:42

అందరికీ నమస్కారం. నేనిక్కడ చదివేవాణ్ణే తప్ప రాసేవాణ్ణి కాదు. మొన్న గురువారం మా పక్కింటి పిన్నిగారు కరెంటు షాక్ కొట్టి పోయారు. యాభై రెండేళ్లు. మూడు రోజులుగా ముసురు, కాస్త తెరిపి ఇచ్చింది కదా అని తడి చీర తెచ్చి దండెం మీద వేశారు, అంతే. వాళ్లబ్బాయి పరిగెత్తుకొచ్చి లాగబోతే వాడినీ కొట్టి అవతల పడేసింది, వాడి అదృష్టం బాగుంది. నేను వెళ్లేసరికి ఎవరో వీధి చివర స్తంభం దగ్గర ఫ్యూజు పీకారు.

తర్వాత చూస్తే స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు వసారా రేకు అంచుకి ఆనుకుని ఉంది. గాలికి ఊగి ఊగి పైన తొడుగు అరిగిపోయింది. దాంతో రేకుకి కరెంటు, రేకు కింద ఇనప పైపుకి కరెంటు, ఆ పైపుకి కట్టిన జీఐ ఇనప తీగే వాళ్ల దండెం.

రెండు రోజుల ముందే ఆవిడ మా అమ్మతో అన్నారట, "దండెం ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది వదినా" అని. తడి చేతులతో ముట్టుకుంటే అలాగే ఉంటుందిలే అందట అమ్మ. ఇప్పుడు తను అన్నం సరిగా తినట్లేదు.

నాకు అర్థం కానిది ఒకటే. ఇంట్లో ఎంసీబీ (బోర్డులో దానంతటదే పడి కరెంటు ఆపే స్విచ్) పడలేదు, లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, ఫ్యాను తిరుగుతూనే ఉంది. మనిషి చనిపోయేంత కరెంటు పోతుంటే అది పడదా? మా ఇంట్లో కూడా అవే ఎంసీబీలు ఉన్నాయి, టెన్షన్‌గా ఉంది.

వైరింగ్_వాసు · ఆదివారం రాత్రి 11:15

చాలా బాధాకరం తమ్ముడూ. పద్దెనిమిదేళ్లుగా వైరింగ్ పని చేస్తున్నాను, ఇంటి వాళ్లు ఈ ప్రశ్న అడిగేది ఎప్పుడూ మనిషి పోయాకే.

ఎంసీబీ ఉన్నది మనిషి కోసం కాదు, వైరు కోసం. లోడు ఎక్కువై వైరు కాలిపోకుండా, షార్ట్ అయితే మంట రాకుండా చూడటం దాని పని. మెయిన్‌లో 32 ఆంపియర్లది ఉందనుకో, 32 దాటితేనే దానికి చలనం వచ్చేది. తడిసిన ఒంటికి నిరోధం సుమారు వెయ్యి ఓములు అనుకుంటే 230 వోల్టుల్ని వెయ్యితో భాగించు, 0.23 ఆంపియరు వస్తుంది. మన సీలింగ్ ఫ్యాను తిరగడానికే 0.3 దాకా తీసుకుంటుంది. అంటే మనిషి ప్రాణం తీసే కరెంటు ఒక ఫ్యాను వాడే కరెంటు కన్నా తక్కువ. ఎంసీబీ దృష్టిలో ఆవిడ ఇంకో ఫ్యాను, అంతే.

ఒక మిల్లీ ఆంపియరు దగ్గర జిల్లుమని తెలుస్తుంది. పది, పదిహేను దాటితే చేతి కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నది వదల్లేం. కరెంటు లాక్కుంది అంటారే, అది లాక్కోదు, మన చెయ్యే మన మాట వినదు. యాభై, వంద దాకా వెళితే గుండె లయ తప్పుతుంది.

ఇంకో సంగతి. మీ పిన్నిగారి విషయంలో లీకేజీ ఉన్నది మీటరుకి అవతల, స్తంభం వైపు. ఇంట్లో ఎంత మంచి సామాను పెట్టినా ఆ కరెంటు దాని గుండా పోలేదు కాబట్టి దానికి తెలిసే అవకాశమే లేదు. ఇది ఎవరూ చెప్పరు.

చిలకలపూడి · ఆదివారం రాత్రి 11:31

ఆర్‌సీసీబీ (లీకేజీ కనిపెట్టి కరెంటు ఆపే స్విచ్) పెట్టించండి, అయిపోతుంది. రెండు వేలు ఖర్చు. దీనికి ఇంత చర్చ ఎందుకు?

బాలానగర్_బాచి · ఆదివారం రాత్రి 11:50

పైన అన్న ఇప్పుడే చెప్పాడు కదండీ, మీటరు అవతల లీకేజీకి ఏదీ పనిచేయదని. చదివి రాయండి. పైగా మా ఇంట్లో ఆ ఆర్‌సీసీబీ అనుభవం అయింది. వాన పడితే చాలు టక్కున పడేది, అర్ధరాత్రి లేచి ఎత్తాల్సి వచ్చేది, ఒకసారి ఊరికి వెళ్లి వచ్చేసరికి ఫ్రిజ్‌లో ఉన్నదంతా కుళ్లిపోయింది. చివరికి ఎలక్ట్రీషియన్ వచ్చి దాన్ని పీకేసి వైరు డైరెక్టు చేశాడు. అప్పట్నుంచి ప్రశాంతం.

వైరింగ్_వాసు · సోమవారం ఉదయం 6:20

బాచి గారూ, ఆ ప్రశాంతత గురించే నా భయం.

అది చేసే పని చాలా చిన్నది. ఫేజులో ఎంత వెళ్లిందో న్యూట్రల్‌లో అంత తిరిగి రావాలి. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చిందంటే ఎక్కడో కరెంటు దారి తప్పి భూమిలోకి పోతోంది, గోడలోంచో గీజరులోంచో మనిషిలోంచో. సెకనులో మూడో వంతు తిరగక ముందే కట్ చేస్తుంది. వాన పడినప్పుడల్లా పడుతోందంటే మీ ఇంట్లో వాన నీరు చేరే చోట లీకేజీ ఉందని అది మీకు చెబుతోంది. ఎక్కువగా గేటు లైటు హోల్డరు, డాబా మీద లైటు, లేదంటే బోరు మోటారు కేబులు జాయింటు. అవి వెతకడం మానేసి చెబుతున్నవాడి నోరు నొక్కారు.

ఇంకో కారణం కూడా ఉంది, మావాళ్ల తప్పే. ఇన్వర్టరు పెట్టేటప్పుడు దాని న్యూట్రల్‌ని, ఇంటి న్యూట్రల్‌ని ఎక్కడో కలిపేస్తారు. అప్పుడు వెళ్లింది ఒక దారిలో, వచ్చేది ఇంకో దారిలో, లెక్క తేడా వచ్చి పడిపోతుంది. న్యూట్రల్స్ విడదీయడానికి సగం రోజు పని, దాన్ని పీకేయడానికి పది నిమిషాలు. ఏది చేస్తారో చెప్పక్కర్లేదు.

చిలకలపూడి గారు చెప్పింది తప్పు కాదు. ఇంటి లోపల జరిగే వాటిలో గీజరు, వాషింగ్ మిషను, కూలరు, హీటర్ రాడ్డు, ఐరన్ బాక్సు అన్నిటికీ అదే దిక్కు. కానీ ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే అదీ కాపాడలేదు, తేడా ఉండదు కాబట్టి. దాని మీద టి అని బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కండి. నొక్కితే పడకపోతే అది ఉన్నా లేనట్టే.

నైట్‌డ్యూటీ_నర్సు · సోమవారం ఉదయం 8:05

డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. గోదారి గారూ, ఆ అబ్బాయిని ఆసుపత్రిలో చూపించారా? వాడికీ కొట్టింది కదా. పైకి బాగానే ఉన్నా ఈసీజీ తీయించాలి, ముఖ్యంగా స్పృహ తప్పినా, గుండె దడగా ఉన్నా, షాక్ ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోయినా.

హై వోల్టేజీ అయితే ఇంకో మోసం ఉంటుంది. చర్మం మీద చిన్న మచ్చ ఉంటుంది, లోపల కండ ఉడికిపోయి ఉంటుంది. ఆ కండలోంచి వచ్చేది కిడ్నీల్లో చేరి మూత్రం నల్లటి టీ రంగులో వస్తుంది. చిన్న గాయమే కదా అని బర్నాలు రాసుకుని రెండు రోజుల తర్వాత వస్తారు మా దగ్గరికి.

ఆవిడ పడిపోయాక కరెంటు తీసేసరికి ఎంతసేపు పట్టింది, గుండె మీద ఒత్తారా ఎవరైనా? తప్పు పట్టడానికి అడగట్లేదు.

గోదారి_గట్టు · సోమవారం ఉదయం 8:40

అక్కా, ఫ్యూజు పీకడానికి మూడు నాలుగు నిమిషాలు పట్టి ఉంటుంది. ఒత్తడం ఎవరికీ తెలియదు. ఒకాయన కాళ్లూ చేతులూ రుద్దమన్నాడు, రుద్దాం. ఇంకొకాయన ఇసకలో పడుకోబెట్టమన్నాడు, ఒంట్లో కరెంటు భూమిలోకి దిగిపోతుందట. ఇసక కోసం ఒకడు పరిగెత్తాడు. ఆటోలో తీసుకెళ్లేసరికి అరగంట. అబ్బాయిని చూపించలేదు, ఇవాళే తీసుకెళ్తాను.

నైట్‌డ్యూటీ_నర్సు · సోమవారం ఉదయం 9:02

ఒంట్లో కరెంటు నిలవ ఉండదు తమ్ముడూ. సప్లై తీసేసిన క్షణం నుంచి ఆ మనిషిని ముట్టుకోవచ్చు, ఏమీ కాదు. ఇసక, మట్టి, పేడ, రుద్దడం, ఇవన్నీ ఆ నాలుగు నిమిషాల్ని తినేస్తాయి. ఇంటి కరెంటుకి ఎక్కువగా జరిగేది గుండె ఆగడం కాదు, గుండె కొట్టుకోవడం మానేసి వణుకుతూ ఉండటం. రక్తం ముందుకి పోదు. అప్పుడు బయటి నుంచి మనం తోయాలి.

ముందు కరెంటు తీయాలి. తీయడానికి లేకపోతే పొడి కర్ర, పొడి ప్లాస్టిక్ కుర్చీ, చెప్పులు వేసుకుని పొడి చెక్క మీద నిలబడి తోసేయాలి, లాగకూడదు. ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే ఇంకొకరు పిలిచి చూడాలి. పలక్కపోతే, ఊపిరి లేకపోతే, లేదా చేప ఎగపోసినట్టు ఎప్పుడో ఒక ఊపిరి వస్తుంటే, అది ఊపిరి కాదు. వెల్లకిలా నేల మీద పడుకోబెట్టి ఛాతీ మధ్యలో రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి మోచేతులు వంచకుండా ఐదు సెంటీమీటర్లు లోపలికి దిగేలా ఒత్తాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నోట్లో ఊదడం తెలియకపోతే వదిలేయండి, ఒత్తడం మాత్రం ఆపొద్దు. అలసిపోతారు, రెండు నిమిషాలకి మనిషిని మార్చుకోండి. పక్కటెముక విరుగుతుందేమో అని అడుగుతారు అందరూ. విరిగినా అతుకుతుంది.

సిద్దిపేట_రైతు · సోమవారం మధ్యాహ్నం 1:30

ఇళ్ల సంగతి మీరు మాట్లాడుకుంటున్నరు, మా పొలాల సంగతి కూడ ఇనుండ్రి.

మా దగ్గర సర్వీసు వైరు స్తంభం నుంచి స్టార్టర్ డబ్బా దాక వెదురు బొంగుల మీద వస్తది. నడుమ నాలుగు జాయింట్లు, టేపు చుట్టినవి. బొంగు కూలితే వైరు ఒడ్డు మీద పడ్తది, ఒక్కోసారి నీళ్లల్లనే. స్టార్టర్ ఇనుప డబ్బా, తడి కాళ్లతోని పోయి బటన్ ఒత్తుడు. మోటారు బాడీ షార్ట్ అయితే డబ్బా అంతా కరెంటే.

ఎర్తింగ్ లేదా అంటే ఉన్నది. స్టార్టర్ నుంచి ఒక తీగ తీసి బోరు కేసింగ్ పైపుకు కట్టుడు మా నాయన కాలం నుంచి అలవాటు. అప్పుడు కేసింగ్ ఇనుముది, భూమిలోకి దిగి ఉంటది, పనిచేసింది. ఇప్పుడు కేసింగ్ పీవీసీ. అదే తీగ, అదే ముడి, ప్లాస్టిక్ పైపుకు కడుతున్నం. మొన్న నేను చెప్పేదాక మా కాక నమ్మలే.

ఇంకొకటి ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఫ్యూజు వేసుడు. లైన్‌మన్‌కు ఫోన్ చేస్తే ఎప్పుడొస్తడో తెల్వది, నారు ఎండుతది, ఎవడో ఒకడు ఏబీ స్విచ్ (ట్రాన్స్‌ఫార్మర్‌కు లైను తెంపే స్విచ్) దించి గద్దె ఎక్కుతడు. స్విచ్ మూడు బ్లేడ్లల్ల ఒకటి తుప్పు పట్టి ఊడకపోతే? కింది నుంచి చూస్తే దిగినట్టే కనపడ్తది. మా పక్క ఊర్ల ఒకాయన అట్లనే పోయిండు.

పందుల కోసం చేను చుట్టూ తీగ పెట్టి కరెంటు ఇచ్చేటోళ్ల గురించి ఏం చెప్పాలె. పందికి పెట్టిన తీగ తెల్లారి మర్చిపోయి వాళ్లే ముట్టుకున్నోళ్లు ఉన్నరు. అది ప్రమాదం కాదు, కేసు అయితది, అయ్యే తీరాలె.

స్తంభం_దిగని_కాకి · సోమవారం సాయంత్రం 6:15

నేను డిపార్టుమెంటు మనిషినే, ఏ కంపెనీ అని అడక్కండి. రైతన్న చెప్పిన ఏబీ స్విచ్ మాట నూటికి నూరుపాళ్లు నిజం. మేం లైన్ ఎక్కాలంటే సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ ఆపామన్న క్లియరెన్సు) తీసుకుంటాం, టెస్ట్ చేస్తాం, ఆ తర్వాత ఎర్త్ రాడ్డు తగిలించి ఎక్కుతాం. రాడ్డు ఎందుకంటే కరెంటు ఆపాక కూడా ఎవడో జనరేటరో ఇన్వర్టరో తప్పుగా కలిపితే అది వెనక్కొచ్చి ట్రాన్స్‌ఫార్మర్ గుండా 11 వేల వోల్టులై లైన్ ఎక్కుతుంది. ఇన్ని తెలిసిన మా వాళ్లే పోతున్నారు. రాడ్డు తగిలించకుండా 'రెండు నిమిషాల పనే కదా' అన్నవాళ్లే అందులో ఎక్కువ. ఏమీ తెలియని రైతు ఎలా ఎక్కుతాడు?

వైరు తెగి పడితే దగ్గరికి రావొద్దు. 11 కేవీ వైరు నేల మీద పడినా సబ్‌స్టేషన్‌లో ట్రిప్ అవుతుందని గ్యారంటీ లేదు, పొడి నేలైతే అసలు తెలియకపోవచ్చు. పది మీటర్ల అవతల ఉండి 1912కి ఫోన్ చేయండి. వైరు పడిన చోటి నుంచి దూరం పోయేకొద్దీ నేలలో వోల్టేజీ తగ్గుతూ పోతుంది, అందుకే అడుగు బారు వేస్తే ఒక కాలికీ ఇంకో కాలికీ మధ్య తేడా వచ్చి కరెంటు ఒంట్లోకి ఎక్కుతుంది. అప్పటికే దగ్గర్లో ఉంటే పాదాలు రెండూ ఆనించి, నేల మీద నుంచి ఎత్తకుండా చిన్న చిన్నగా జరుగుతూ వైరుకి దూరంగా రావాలి. గేదెలు మనుషుల కన్నా ముందు పోయేది ఇందుకే, వాటి ముందు కాళ్లకీ వెనక కాళ్లకీ మధ్య దూరం ఎక్కువ.

ఎరికలచెరువు · సోమవారం రాత్రి 8:20

2022 జూన్ 30న శ్రీ సత్యసాయి జిల్లా చిల్లకొండయ్యపల్లి దగ్గర కూలీల ఆటో మీద వైరు తెగిపడి ఐదుగురు ఆడవాళ్లు కాలిపోయారు. ఉడుత వల్ల తెగిందన్నారు. అదే ఏడాది నవంబరులో అనంతపురం జిల్లా దర్గా హొన్నూరులో ట్రాక్టరు మీద పడి నలుగురు కూలీలు పోయారు. వాళ్లు ఏ జాగ్రత్త తీసుకుంటే బతికేవాళ్లో చెప్పండి కాకి గారూ. పాదాలు ఆనించి నడవాలా? ప్రతిసారీ చనిపోయినవాడి చేతి తడి గురించే మాట్లాడతాం, లైన్ సంగతి ఎవరు మాట్లాడతారు?

స్తంభం_దిగని_కాకి · సోమవారం రాత్రి 9:10

మీ కోపంలో న్యాయం ఉంది. ఉడుత ఇన్సులేటరు మీదికి ఎక్కి షార్ట్ అయి ఫ్లాష్ అవడం జరుగుతుంది, అబద్ధం కాదు. కానీ అంత మాత్రానికి వైరు తెగి కింద పడేంత పాతదై ఉండటం, పడ్డాక కూడా సరఫరా ఆగకపోవడం ఉడుత తప్పు కాదు. అది మా వైపుది. ఇంతకన్నా నేనిక్కడ రాయలేను.

బెజవాడ_ప్లీడరు · సోమవారం రాత్రి 10:00

చట్టం కూడా అదే అంటుంది. 2002లో సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు, శైల్ కుమారి కేసులో తేల్చేసింది. రోడ్డు మీద తెగిపడిన వైరు తగిలి సైకిలు మీద వెళ్తున్న ఆయన చనిపోయాడు. ఎవరో దొంగ కరెంటు కోసం వైరు వేశారు, మా తప్పేం లేదు అంది బోర్డు. కుదరదు, ఇంత ప్రమాదకరమైన సరుకు సరఫరా చేసేవాడు నిర్లక్ష్యం ఉన్నా లేకున్నా బాధ్యుడే అంది కోర్టు.

గోదారి గారూ, అసలు అడగాల్సింది అడుగుతున్నా. పోస్ట్‌మార్టం చేయించారా?

గోదారి_గట్టు · సోమవారం రాత్రి 10:25

లేదండీ. కోయించడం ఎందుకు అన్నారు పెద్దవాళ్లు. ఆ సాయంత్రమే దహనం అయిపోయింది. పోలీసులకి కూడా చెప్పలేదు.

బెజవాడ_ప్లీడరు · సోమవారం రాత్రి 10:48

ప్రతి ఊళ్లో ఇదే జరుగుతుంది. ఎక్స్‌గ్రేషియా కావాలన్నా, కోర్టుకి వెళ్లాలన్నా మొదట అడిగేవి ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు. అవి లేకపోతే కరెంటు వల్లే పోయిందని చూపడం చాలా కష్టం. అయినా వదలొద్దు. రేపే స్టేషన్‌లో ఫిర్యాదు, కరెంటు ఆఫీసులో సెక్షన్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరు) రాతపూర్వకంగా ఒకటి, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్‌కి ఒకటి. విద్యుత్ చట్టం 2003లో సెక్షన్ 161 కింద ఇలాంటి మరణం మీద విచారణ చేయించవచ్చు. ఆసుపత్రిలో రాసిచ్చిన చీటీ, ఫ్యూజు పీకినాయన పేరు, అరిగిన వైరు ఫోటోలు దాచండి. వైరు మార్చేశారా? మార్చేస్తే పాత ముక్క ఎక్కడుందో చూడండి. ఇంకోటి, వసారా రేకు ఎప్పుడు వేశారు? వైరు ముందే ఉండి రేకు తర్వాత వేసి ఉంటే అదే పట్టుకుంటారు.

లెస్టర్‌లో_గుంటూరోడు · మంగళవారం తెల్లవారుజామున 3:15

ఇక్కడ ఇంగ్లండులో బాత్రూములో మామూలు సాకెట్ ఉండదు, లైటు స్విచ్ కూడా పైనుంచి వేలాడే తాడు లాగితే పడుతుంది. వచ్చిన కొత్తలో నవ్వుకున్నాం. గుంటూరులో మా నాన్నగారింట్లో గీజరు స్విచ్ షవరు పక్కనే ఉంది. ఈ చర్చ చదివి ఇప్పుడే ఫోన్ చేశా, 'ముప్పై ఏళ్లుగా ఏం కాలేదు' అన్నారు.

చిలకలపూడి · మంగళవారం ఉదయం 7:40

ఆ ముప్పై ఏళ్ల మాట మా ఇంట్లో కూడా ఉంది. బకెట్లో హీటర్ రాడ్డు పెట్టి స్విచ్ వేసి ఉండగానే వేలు ముంచి చూస్తుంది మా ఆవిడ, కాగాయా లేదా అని. స్విచ్ ఆపి ప్లగ్గు పీకి చూడవే అంటే నాకే సందేహం ఎక్కువట.

బాలానగర్_బాచి · మంగళవారం ఉదయం 8:15

వాసన్నా, నిన్న రాత్రి వెళ్లి చూశా. గేటు దీపం హోల్డరులో సగం నీళ్లు. నువ్వన్నట్టే. ఆర్‌సీసీబీ మళ్లీ పెట్టిస్తున్నా. ఒక్కటి చెప్పు, వాషింగ్ మిషను ముట్టుకుంటే సన్నగా జిల్లుమంటుంది, ఆ ఎలక్ట్రీషియనే సాకెట్ విప్పి ఎర్త్ పిన్నుకి ఏదో ముక్క కలిపాడు, ఆ తర్వాత పోయింది. అది సరైనదేనా?

వైరింగ్_వాసు · మంగళవారం ఉదయం 8:50

ఈ క్షణమే ఆ ప్లగ్గు పీకెయ్. ఆ ముక్క న్యూట్రల్‌కి కలిపి ఉంటాడు. అంతా బాగున్నంత కాలం బాగానే ఉంటుంది. ఎప్పుడైనా న్యూట్రల్ ఎక్కడో తెగితే, మీటరు దగ్గర స్క్రూ వదులైనా సరే, మోటారు గుండా వచ్చిన ఫేజు తిరిగి పోయే దారిలేక ఆ ముక్క గుండా మిషను బాడీకి వస్తుంది, మొత్తం 230. అది ఎర్తింగ్ కాదు, ఉరితాడు.

నిజమైన ఎర్తింగ్ అంటే ఇంటి బయట గుంత, అందులో జీఐ పైపో ప్లేటో, బొగ్గూ ఉప్పూ, అక్కడి నుంచి ఆకుపచ్చ వైరు ప్రతి సాకెట్‌కీ. ఎండాకాలం బకెట్ నీళ్లు పోయాలి. గుంత నిరోధం 5 ఓములుంటే బాడీ షార్ట్ అయినప్పుడు 46 ఆంపియర్లు భూమిలోకి పోయి ఎంసీబీకి కూడా చురుకు తగులుతుంది. ఎండిపోయి 50 ఓములైందనుకో, 4.6 ఆంపియర్లే, 32 ఆంపియర్ల ఎంసీబీ నిద్రలోనే ఉంటుంది, బాడీ మీద కరెంటు అలాగే ఉంటుంది. అందుకే రెండూ కావాలి, గుంతా, ఆర్‌సీసీబీ.

గోదారి తమ్ముడూ, మీటరు అవతల వైపు దానికి మాత్రం కళ్లే సాధనం. వైరు రేకుకి గానీ, ఇనప కిటికీకి గానీ, చెట్టు కొమ్మకి గానీ తగలకూడదు. దండేనికి ఇనప తీగ వద్దు, నైలాన్ తాడు చాలు. పైపుకీ స్తంభానికీ సపోర్టు తీగకీ కట్టొద్దు.

గోదారి_గట్టు · బుధవారం రాత్రి 9:30

అందరికీ దణ్ణం. అబ్బాయికి ఈసీజీ తీశారు, బాగానే ఉంది. స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాం, మొదట తీసుకోనన్నారు, ప్లీడరు గారు చెప్పిన సెక్షన్ నంబరు చెబితే తీసుకున్నారు. రేకు ఆరేళ్ల క్రితం వేశారట, వైరు అంతకు ముందుదే. పాత వైరు ముక్క లైన్‌మన్ పట్టుకెళ్లబోతుంటే అడిగి తీసుకున్నాం, సంచిలో పెట్టి మా ఇంట్లో ఉంచాను.

మా ఇంట్లో బోర్డు విప్పించాను. ఆకుపచ్చ వైరు అన్ని సాకెట్ల నుంచీ వచ్చి మెయిన్ బాక్సులో ఒక చుట్టగా ఉంది. ఎక్కడికీ కలపలేదు. పదకొండేళ్లుగా అలాగే ఉంది. గుంత రేపు తవ్విస్తున్నాం, ఆర్‌సీసీబీ కొన్నాను, ఇన్వర్టరు న్యూట్రల్ విడదీయడానికి ఎలక్ట్రీషియన్ శుక్రవారం వస్తానన్నాడు.

వీధిలో మొత్తం పద్నాలుగు ఇళ్లు, తొమ్మిదింట్లో దండేలు ఇనప తీగవే. అమ్మ ఇవాళ తనే నైలాన్ తాడు కొనుక్కొచ్చి ఇంటింటికీ ఇచ్చింది.

వైరింగ్_వాసు · బుధవారం రాత్రి 9:52

శుక్రవారం అతను వెళ్లిపోయే ముందు నీ ఎదురుగానే టి బటన్ నొక్కించు. కరెంటు ఉన్నప్పుడు ఒకసారి, మెయిన్ ఆపి ఇన్వర్టరు మీద ఒకసారి. రెండోసారి పడకపోతే డబ్బులు ఇవ్వకుండా నాకు ఫోటో పెట్టు.